తాతా అంటుంది, పిల్లినీ పిలుస్తుంది, నన్ను మాత్రం పిలవదు

ప్రశ్న: సర్, నాకు 34 ఏళ్ళు. హైదరాబాద్‌లో ఒక పార్సిల్ కంపెనీ గోడౌన్‌లో తొమ్మిదేళ్ళు సూపర్‌వైజర్‌గా చేశాను. పోయిన డీఎస్సీలో నా భార్యకు టీచర్ ఉద్యోగం వచ్చింది, పోస్టింగ్ నల్లగొండ జిల్లాలో. ఆమెది పర్మనెంట్ ఉద్యోగం, నాది కాదు. అందుకని నేనే మానేసి పాపను చూసుకుంటున్నాను. పాపకు ఇప్పుడు 20 నెలలు. పొద్దున ఎనిమిదింటికి ఆమె బస్సెక్కితే సాయంత్రం ఐదున్నరకు వస్తుంది. ఫోన్‌లో బొమ్మలు పెడితే తప్ప పాప ముద్ద మింగదు. మధ్యాహ్నానికి పన్నెండు ముద్దలని టార్గెట్ పెట్టుకుంటాను, ఫోన్ ఆపితే ఆరు దగ్గరే ఆగిపోయి కింద పడి దొర్లుతుంది. కిరాణా కొట్టు ముందు కూడా ఇదే వరస, అందరూ నావైపే చూస్తారు. అమ్మా అంటుంది, తాతా అంటుంది, గోడ మీది పిల్లిని మ్యావ్ అని పిలుస్తుంది. నాన్నా అని ఇంతవరకు అనలేదు. రోజంతా నేను చేస్తే, వాళ్ళమ్మ గేటు తీయగానే నన్ను తోసేసి పరిగెడుతుంది. పోయిన వారం పళ్ళెం విసిరికొట్టిందని తొడ మీద ఒకటి వేశాను. ఐదు వేళ్ళూ తేలాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఇంట్లో చెప్పనూ లేదు. చుట్టాలు 'ఇంకా ఇంట్లోనేనా?' అంటుంటే తల కొట్టేసినట్టు ఉంటుంది. పాపను మిర్యాలగూడలో అమ్మమ్మ దగ్గర వదిలి మళ్ళీ ఉద్యోగంలో చేరిపోనా? ఇంకో చిన్న సంగతి, నవ్వకండి. యాదగిరిగుట్టలో పుట్టు వెంట్రుకలు తీయించాక ఇప్పుడే కాస్త జుట్టు వచ్చింది. పిలక వేస్తే పది నిమిషాల్లో ఊడిపోతోంది. ఎలా వేయాలి?

జవాబు: పిలక సంగతి చివర్లో చెప్తాను. ముందు ఆ దెబ్బ సంగతి.

అది మీ ఆవిడకు చెప్పండి. పాప పడుకున్నాక, ఇవాళే. ఆమె కోప్పడవచ్చు, ఏడవవచ్చు, నాలుగు మాటలనవచ్చు, పడండి. స్నానం చేయించేటప్పుడు ఆ తొడను ఆమె చూసే ఉంటుందని నా అనుమానం, అడగలేక ఊరుకుని ఉంటుంది. ఒక్క దెబ్బకు రాత్రంతా మేలుకున్నారంటే అది మీ అలవాటు కాదని అర్థమవుతూనే ఉంది. కానీ దాచుకున్న దెబ్బ రెండోసారి సులువుగా పడుతుంది, నా భయమల్లా అదే. 20 నెలల పిల్లకు 'పళ్ళెం విసిరాను కాబట్టి కొట్టాడు' అనే లెక్క అందదు. నాన్న చెయ్యి నొప్పి పెట్టింది, అంతవరకే తెలుస్తుంది. ఈసారి ఒంట్లో వేడి లేస్తున్నట్టు అనిపిస్తే (నాకు చెవులు కాలేవి, కొందరికి దవడలు బిగుస్తాయి) పాపను చాప మీద కూర్చోబెట్టి, దగ్గర్లో ప్రమాదమేమీ లేదని చూసుకుని, వాకిట్లోకి పోయి మొహం కడుక్కోండి. రెండు నిమిషాలు చాలు. ఏడుస్తుంది, ఏడవనివ్వండి. రెండు నిమిషాలు ఏడిస్తే పిల్లకేమీ కాదు.

ఇదంతా చెప్పడానికి నువ్వెవరివి అంటారేమో. 2006లో మేం ఖమ్మంలో అద్దెకుండేవాళ్ళం. మా ఆవిడ నర్సు, డ్యూటీలకు పోయేది. నాది ప్రూఫులు దిద్దే పని, కట్టలు ఇంటికి తెచ్చుకోవచ్చు కదా అని మా వాణ్ణి పద్నాలుగు నెలలు నేనే చూశాను. పగటిపూట ఒక్క ఫారం (కొన్ని అచ్చు పేజీల కట్ట) పూర్తి చేసిన రోజు లేదు. అక్షరాల మీద రాగి జావ మరకలతో ప్రూఫులు పంపితే ప్రెస్సు యజమాని నన్నేమీ అనలేదు గానీ, పని మాత్రం మెల్లగా తగ్గించాడు.

ఇక ఫోను. పన్నెండు ముద్దల టార్గెట్ అని చదివినప్పుడు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఆ నవ్వు పోయింది. తొమ్మిదేళ్ళు పార్సిళ్ళు లెక్కపెట్టిన చెయ్యి, పాప పొట్టను కూడా గోడౌన్ కిందే జమకట్టింది. ఆ బొమ్మలు పాప కోసం పెడుతున్నవి కావు, మీ పన్నెండు పూర్తి కావడానికి పెడుతున్నవి. అవి చూస్తూ నోరు తెరిచే పిల్లకు నోట్లో ఉన్నది పప్పో పెరుగో తెలియదు, కడుపు నిండిందో లేదో అంతకన్నా తెలియదు. రెండేళ్ళలోపు పిల్లలకు ఏ స్క్రీనూ వద్దని మన పిల్లల డాక్టర్ల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, చెప్తోంది. అప్పుడప్పుడు తాతతో వీడియో కాల్ అయితే ఫర్వాలేదంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిందీ దాదాపు ఇదే. రెండు దాటాక కూడా రోజుకు గంటకు మించకూడదంది.

అసలు పాప తక్కువ తినడంలో వింతేమీ లేదు. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ ఏడాది నిండేసరికి సుమారు తొమ్మిది కిలోలకు వస్తుంది. రెండో ఏడాది మొత్తం కలిపి పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. ఎదుగుదల నెమ్మదించింది కాబట్టి ఆకలీ తగ్గుతుంది. మనమేమో 'పోయిన సంక్రాంతికి గిన్నెడు తినేది' అని గిన్నె పట్టుకుని వెంటపడతాం. ముద్దలు లెక్కపెట్టే బదులు నెలకోసారి అంగన్‌వాడీలో బరువు తూయించండి. ఏడో నెల నుంచి మూడేళ్ళ వరకు ఇచ్చే బాలామృతం ప్యాకెట్ కోసం ఎలాగూ వెళ్ళాలి. చార్టులో గీత పైకే పోతుంటే పన్నెండైనా ఆరైనా ఒకటే. పోతే, ఆ వెళ్ళిన రోజునే టీకాల కార్డు కూడా చూపించండి. ఎంఆర్ (తట్టు, రుబెల్లా) రెండో డోసు, డీపీటీ బూస్టరు 16 నుంచి 24 నెలల మధ్య పడాలి. ఇల్లు మారిన వాళ్ళు ఈ రెండే మరిచిపోతుంటారు.

ఫోన్ మాన్పించడం కొంచెం కొంచెంగా కుదరదు. ఒక ఆదివారం మొదలుపెట్టండి, మీ ఆవిడ ఇంట్లో ఉంటుంది కాబట్టి మీకు ధైర్యం. పాత చీర నేల మీద పరిచి, చిన్న స్టీలు పళ్ళెంలో మెత్తని పప్పన్నం, నెయ్యి, ఉడికిన గుడ్డు ముక్కలు, ఒక అరటిపండు ముక్క పెట్టి పాప ముందుంచండి. మీ పళ్ళెం మీరు పెట్టుకుని ఎదురుగా కూర్చోండి. ఈ రెండోది ముఖ్యం. ఇప్పటిదాకా ఆమె తినడం మీరు చూశారు గానీ, మీరు తినడం ఆమె చూసిందా? నా అనుమానం, ఆమె పడుకున్నాక వంటింట్లో నిలబడి తింటున్నారు. చేత్తో పిసుకుతుంది, జుట్టుకు రాసుకుంటుంది, సగం చీర మీద పోస్తుంది. అరగంట కాగానే, లేదా పళ్ళెం విసరగానే, 'అయిపోయిందా, సరే' అని తీసేయండి. కోపం వద్దు, బతిమాలడమూ వద్దు. మళ్ళీ రెండు మూడు గంటలకు ఇంకేదైనా పెట్టండి. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది మీ ఇష్టం, ఎంత తినాలన్నది ఆమె ఇష్టం. మొదటి మూడు నాలుగు రోజులు మీ ప్రాణం ఉసూరుమంటుంది. అప్పుడే ఎవరో ఒకరు 'పాపం, పాలైనా పట్టించు' అంటారు. అక్కడ జాగ్రత్త. అన్నం తినడం లేదని పాలు పోయడం, పాలు తాగింది కాబట్టి అన్నం తినకపోవడం, ఈ గానుగ చాలా ఇళ్ళలో తిరుగుతూనే ఉంటుంది. రోజు మొత్తం మీద అర లీటరు దాటనివ్వకండి. పాలలో ఐరన్ దాదాపు లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉందని తేలింది. ఆరు నెలలు దాటిన పిల్లలకు వారానికి రెండుసార్లు వేసే ఐరన్ సిరప్ ప్రభుత్వమే ఇస్తుంది, ఆశా కార్యకర్తను అడగండి.

చేత్తో తిననివ్వమన్నాను కదా అని పల్లీలు, పుట్నాలు, గుండ్రటి ద్రాక్షపండ్లు మాత్రం చేతికివ్వకండి. గొంతుకు అడ్డం పడతాయి. సీతాఫలం అయితే గింజ గింజా తీసి గుజ్జే పెట్టాలి. ఇంకొకటి, సంపు మూత, బకెట్లో నీళ్ళు. పని పూర్తి కాగానే బకెట్ బోర్లించడం అలవాటు చేసుకోండి. ఈ వయసు పిల్లకు జానెడు నీళ్ళు చాలు ముంచడానికి.

కొట్టు ముందు దొర్లడం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. కావాలన్నది తెలుసు, చెప్పడానికి మాట రాదు, అందుకని ఒళ్ళంతా మాట్లాడుతుంది. పక్కన గొంతుక్కూర్చోండి, తల నేలకు కొట్టుకోకుండా చెయ్యి అడ్డం పెట్టండి, తగ్గాక ఎత్తుకోండి. చూసేవాళ్ళ సిగ్గుకు చాక్లెట్ కొన్నారో, రేపు అదే గుమ్మం ముందు అదే ఆట. అదే పిల్ల వాళ్ళమ్మ ముందు దొర్లితే 'పిల్ల మంకు' అంటారు, మీ ముందు దొర్లితే 'మగాడికేం చేతనవుతుంది' అంటారు. తేడా పిల్లలో లేదు.

మా వాడి ఉల్లిగడ్డల కథ చెప్తాను. వేసవి, పగలు పన్నెండున్నర, కరెంటు లేదు. నేను ఒక ఫారం పట్టుకుని కూర్చున్నాను. వాడు వంటింట్లో ఉల్లిగడ్డల బుట్ట గుమ్మరించేశాడు. అరవబోయి, ఓపిక లేక ఊరుకున్నాను. వాడు ఒక గడ్డను రెండు చేతులా పొట్టకు ఆనించుకుని, గడప దాటి, ముందు గదిలో మంచం కింద పెట్టి వచ్చాడు. మళ్ళీ ఒకటి. గడప దగ్గర ప్రతిసారీ ఆగి, ముందు గడ్డను అవతల పెట్టి, తను కూర్చుని దిగి, లేచి గడ్డ తీసుకునేవాడు. అన్నీ చేరాయి, కథ అయిపోయింది అనుకున్నాను. మంచం కింద దూరి ఒక్కొక్కటే మళ్ళీ బుట్టలోకి తేవడం మొదలుపెట్టాడు. ముప్పావు గంట పట్టింది. ఇల్లంతా ఉల్లి పొట్టు. నేను ఫారం పక్కన పెట్టి గోడకు చేరగిలి చూస్తూ కూర్చున్నాను. పద్నాలుగు నెలల్లో నాకు విసుగు పుట్టని మొదటి ముప్పావు గంట అదే అని ఇప్పటికీ గుర్తు. మర్నాడు నేనే బుట్ట కిందికి దింపి పెట్టాను.

పార్సిల్ పని చేసినవారికి ఈ డెలివరీ మింగుడు పడదు. చేరాల్సిన చోటికి చేరిన సరుకు మళ్ళీ వెనక్కి ఎందుకు రావాలి? మీ రోజు బరువుగా నడవడానికి సగం కారణం ఇదేనని నా అభిప్రాయం. అన్నం అయిపోవాలి, స్నానం అయిపోవాలి, నిద్రపోవాలి, ఐదున్నర కావాలి. ప్రతిదీ ముగించే తొందరలో ఉన్నారు. ఆ పిల్లకేమో ఏదీ ముగియనక్కరలేదు. అందుకని రోజంతా మీరు గుంజుతుంటారు, ఆమె ఎదురు గుంజుతుంది. రోజుకు ఒక గంట, పొద్దున ఎండ ముదరకముందు, గడియారం చూడకుండా ఆమె వెనక నడవండి. వీధి చివర గుడి దాకా పోవడానికి గంట పడితే పట్టనివ్వండి, గుడి చేరకపోయినా నష్టం లేదు.

ఇక నాన్నా అనకపోవడం. తాత ఫోన్‌లో ఉంటాడు, అమ్మ బస్సులో ఉంటుంది, పిల్లి గోడ మీద ఉంటుంది. వాళ్ళను పిలవాలి. మీరు చెయ్యి చాపితే అందుతారు, మిమ్మల్ని పిలవాల్సిన పనేముంది? ఇది శాస్త్రం కాదు, నా ఊహ. కానీ ఒకటి మాత్రం మీరు పరీక్షించి చూడండి. మీ ఇంట్లో 'నాన్న' అనే మాట రోజుకు ఎన్నిసార్లు వినిపిస్తుంది? మీ ఆవిడ మిమ్మల్ని ఏవండీ అంటుంది. మీరు మిమ్మల్ని నేను అనుకుంటారు. రోజంతా మీ నోట వచ్చేది 'అమ్మ వస్తుంది, అమ్మ వస్తుంది'. ఆ మాట నేర్పింది మీరే. ఇకనుంచి 'నాన్న చొక్కా ఏదీ, నాన్నకు ఒక ముద్ద పెట్టు, నాన్న తువ్వాలు తే' అని మీ పేరు మీరే చెప్పుకోండి. మొదట సిగ్గేస్తుంది, పోతుంది. 20 నెలలకు ఈ మూడు మాటలతో పాటు ఇంకొన్ని వస్తూ, వేలెత్తి చూపిస్తూ, పేరు పెట్టి పిలిస్తే తిరుగుతూ ఉంటే కంగారు లేదు. రెండేళ్ళు నిండేసరికి 'అమ్మ రా', 'పాలు కావాలి' లాంటి జంట మాటలు మొదలు కాకపోతే, లేదా పిలిస్తే అసలు పలకకపోతే ఇక ఆగకండి. పిల్లల డాక్టరుకైనా చూపించండి, లేదంటే అంగన్‌వాడీ టీచరుకు చెప్పండి. చిన్నపిల్లల ఎదుగుదల లోపాలు తొందరగా పట్టుకోవడానికి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా కేంద్రాల్లో ప్రత్యేకంగా చూస్తారు, ఖర్చు ఉండదు.

గేటు దగ్గర తోసేయడం కూడా ఇందులోదే. నాలుగున్నర నుంచి మీరు ఎటు చూస్తుంటారు? గేటు వైపే. ఆమె బస్సెక్కిందా, దిగిందా అని ఫోన్ చూస్తుంటారు. పొద్దుటి నుంచి ఎదురుచూస్తున్న మనిషి వచ్చిందని మీ మొహమే చెప్తుంటే పాప పరిగెత్తదా? నేనూ అంతే, మా ఆవిడ చెప్పులు విప్పేలోపే పిల్లవాణ్ణి చేతికిచ్చి రోడ్డు మీద పడేవాణ్ణి. షిఫ్టు మారినట్టు. ఒకరోజు ఆమె, 'నేను వచ్చినందుకు కాదు, నువ్వు పోవడానికి సంతోషపడుతున్నావు' అంది. కాదనలేకపోయాను. మీరు ఆమెకు టీ పెట్టివ్వండి, ఒక పావుగంట ముగ్గురూ ఒకచోట కూర్చోండి, ఆ తర్వాత వెళ్ళండి. వెళ్ళడం మాత్రం మానకండి. రోజూ ముప్పావు గంట, పాప లేకుండా, నడకకో టీకొట్టుకో. మీ ఆవిడ కూడా పొద్దుటి నుంచి నలభై మంది పిల్లల్ని చూసి వచ్చిందని నాకు తెలుసు. ఆదివారం ఒక పూట ఆమెకు వదిలేయండి, లెక్క సరిపోతుంది.

చుట్టాల మాటలు. ఉద్యోగం పురుష లక్షణం అని ఎవరో ఒకరు అననే అని ఉంటారు. సంస్కృతంలో ఉద్యోగం అంటే ప్రయత్నం, పూనిక. జీతం అనే అర్థం మనం తగిలించుకున్నది. అయినా ఈ నిఘంటువు జవాబు పెళ్ళి భోజనాల దగ్గర పనిచేయదు. అక్కడ మీరు ఏమంటున్నారన్నది ముఖ్యం. 'ఏదో చూస్తున్నానండీ, రెండు మూడు చోట్ల చెప్పాను' అని నసుగుతుంటారు, అవునా? ఆ నసుగుడు వింటేనే అవతలివాళ్ళకు సలహా ఇవ్వాలనిపిస్తుంది. 'పాపను నేను చూసుకుంటున్నాను' అని ఊరుకోండి. వాళ్ళను మరీ తప్పు పట్టకండి. 2017 సవరణ తర్వాత తల్లికి 26 వారాల ప్రసూతి సెలవు చట్టంలో ఉంది. తండ్రికి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగమైతే 15 రోజులు, మీరు చేసినలాంటి ప్రైవేటు కంపెనీలో చట్టం ఇచ్చే సెలవంటూ లేదు. ఇంటిపట్టున ఉండే తండ్రి ఒకడుంటాడని చట్టానికే తోచలేదు, మీ మేనమామకేం తోస్తుంది?

నిజంగా కుంగదీసేది ఆ మాటలు కావు, డబ్బు అడగాల్సి రావడం. పెట్రోలుకు, టీకి, క్షవరానికి భార్యను అడుగుతున్నారేమో. మీరు రాయలేదు గానీ నేను పడ్డాను కాబట్టి అడుగుతున్నాను. ఒకటో తారీఖున ఇంటి ఖర్చు, మీ చేతి ఖర్చు కలిపి మీ ఖాతాలో పడేలా ఇద్దరూ మాట్లాడుకోండి. తొమ్మిదేళ్ళు మీరు తెచ్చారు, అప్పుడు ఆమె అడిగేది. ఎలా ఉండేదో ఆమెకు తెలుసు.

మిర్యాలగూడ సంగతి. అమ్మమ్మ ఓపిక, ఇష్టం అడిగారా? ఆ మాట ఉత్తరంలో లేదు. మీ కోసం అయితే, సిగ్గు భరించలేక ఉద్యోగంలో చేరడం వద్దంటాను. పాపను వారానికోసారి చూసి రావడం మీ ఇద్దరికీ ఇప్పటి కష్టం కంటే పెద్ద కష్టమవుతుంది. మూడేళ్ళు నిండితే అంగన్‌వాడీ ప్రీస్కూల్లో కూర్చుంటుంది, అంటే ఇంకా 16 నెలలు. ఆ నెల క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి. గడువు తెలియని పని ఎవరికైనా జైలులానే ఉంటుంది. ఈలోగా డబ్బు నిజంగా చాలకపోతే అది వేరే లెక్క, అప్పుడు అమ్మమ్మనే కొన్నాళ్ళు మీ ఇంటికి రమ్మనండి, పిల్లను పంపకండి.

ఇప్పుడు పిలక. ఆ వయసు జుట్టు పట్టులా జారుతుంది, పొడి జుట్టుకు ఏదీ నిలవదు. స్నానం చేయించి తల తుడిచాక, కొంచెం తడి ఉండగానే రెండు చుక్కల కొబ్బరినూనె అరచేతిలో రాసుకుని జుట్టు పైకి దువ్వండి. పచారీ కొట్లో దొరికే సన్న రబ్బరు బ్యాండు వద్దు, తీసేటప్పుడు వెంట్రుకలు పీకుతుంది. గుడ్డ చుట్టినది, పిల్లల సైజుది తెచ్చుకోండి. మరీ నడినెత్తిన కాకుండా నుదుటికి నాలుగు వేళ్ళ పైన, దొరికినంత జుట్టు పట్టుకుని మూడు చుట్లు. వేసేటప్పుడు ఆమె చేతిలో ఒక ఉల్లిగడ్డ పెట్టండి, కదలదు. మొదటి వారం వంకరగానే వస్తుంది. అలాగే బయటికి తీసుకెళ్ళండి.